ఊళ్లో లేడన్న ఒక్క ముక్క

1949వ సంవత్సరం, వానాకాలం. జనగామ రైలు స్టేషనుకు అవతల ఒక షావుకారు ఖాళీ చేసి ఇచ్చిన పెంకుటింట్లో మా కచేరీ నడిచేది. పోలీసు చర్య జరిగి ఏడాది కావస్తున్నా పల్లెల్లో కమ్యూనిస్టు దళాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాళ్ల కోసం పోలీసులూ మిలిటరీ వాళ్లూ తిరుగుతూనే ఉన్నారు. దళాల మనుషులన్న అనుమానంతో పట్టుబడినవాళ్లను ఊరి బయట తీగ కంచె వేసిన క్యాంపులో ఉంచేవారు. అలా విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న మనిషిని మా కాగితాల్లో డిటెన్యూ అనేవాళ్లం. వాళ్లలో ఎవరిని వదలాలో, ఎవరిని దూరపు జైలుకు పంపాలో మిసళ్లు చూసి తేల్చడానికి మద్రాసు వైపు నుంచి ఒక ఆఫీసరును వేశారు. మిసల్ అంటే ఫైలే. నిజాం కాలపు మాటలు మా నోళ్లను ఇంకా వదల్లేదు.

ఆ ఆఫీసరుకు ఉర్దూ రాదు, తెలుగు అంతంత మాత్రం. ఊళ్ల నుంచి వచ్చే తెలుగు, ఉర్దూ కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి ఆయన బల్ల మీద పెట్టడం నా పని. హోదా ట్రాన్స్‌లేటర్, వయసు ఇరవై రెండు. కచేరీ మొత్తంలో ఇంగ్లీషు రాయగలిగినవాణ్ని నేనొక్కణ్నే కావడంతో నాకు కాస్త కళ్లు నెత్తికెక్కిన మాట నిజం. ఆ ఇంగ్లీషు ఎక్కడిదయ్యా అంటే, హనుమకొండలో ఉర్దూ బడిలో చదువుకుంటూ, మా వీధిలో అర్జీలు రాసే పెద్దమనిషి పక్కన కూర్చుని పట్టుకున్నది. అర్జీ ఏదైనా ఆయన 'హంబ్లీ బెగ్స్ టు స్టేట్' అని మొదలుపెట్టేవాడు. అంటే 'వినయంగా మనవి చేసుకుంటున్నాను' అని. అందుచేత ఇంగ్లీషులో బెగ్ అన్న మాట ఎక్కడ కనబడినా అది మర్యాద కోసం పెట్టిందనే నా నమ్మకం.

మా కచేరీ అరుగు మీద ఆ రోజుల్లో పొద్దున్నే వచ్చి కూర్చునే మనిషి ఒకామె ఉండేది. పేరు మల్లవ్వ. బచ్చన్నపేట దగ్గరి చిన్న ఊరు, కురుమ వాళ్లు. ఆమె భర్త సాయిలు రెండు నెలలుగా క్యాంపులో ఉన్నాడు. ఎంతో దూరం నడిచి వచ్చినట్టు కాళ్లకు బురద, నెత్తి మీద గొంగడి, చేతిలో సద్ది మూట.

"ఏందక్కా, మళ్ల వచ్చినవా? అర్జీ లోపలికి పోయింది గద" అన్నాను ఒకరోజు, కొంచెం విసుగ్గానే.

"పోయిందన్నరు గని, అది లోపట ఏం జేస్తున్నదో నాకేమెరుకయ్యా. నా మొగడు ఏం తప్పు జేసిండో జర జెప్పున్రి. చెప్తె నేను మల్ల రాను."

"దళంల తిరిగిండని రాసిన్రు."

ఆమెకు కోపం రాలేదు. నావంక జాలిగా చూసింది, ఏమీ తెలియని పిల్లగాణ్ని చూసినట్టు.

"దళం ఏందయ్యా, గొర్ల వెంట పోయిండు. ఎండలు ముదిరితె మా దిక్కు గడ్డి పోస ఉండదు. మంద తోలుకొని పోవుడే. పెద్దవంగర కాడ రెండు దినాలు ఆగుతరు. నెల్లికుదురుల రైతులు చేన్ల మంద పెట్టుమని బతిలాడుతరు, ఎరువైతది గద, ఆడ నాలుగు రాత్రులు. ఆడికెళ్లి భూపాలపల్లి అడవికి. మొగులు పట్టంగనే మర్లుతరు. మా మామ గట్లనే పోయిండు, మా మామ నాయిన గట్లనే పోయిండు. ఈ ఏడు గడబిడలల్ల కడమోళ్లు భయపడి పోలే. గొర్లు కండ్ల ముంగట సస్తుంటె సూడలేక నా మొగడొక్కడే పోయిండు. వాన కొట్టినంక మందతోని ఊళ్లెకు రాంగనే పట్కపోయిన్రు."

కొంగుతో ముఖం తుడుచుకుని, "శనివారం లారీలు వస్తయట. ఇక్కడోళ్లను మరాఠోళ్ల దేశం జైలుకు తీస్కపోతరట. ఆడ భాషన్న రాదు. ఆడికి పోతె నేనెట్ల వస్త, ఎవర్నడుగుత?" అంది.

లారీల మాట నిజమే. ఆ జాబితా నా బల్ల మీదే ఉంది. అందులో సాయిలు పేరు కూడా ఉంది. ఆ రోజు బుధవారం.

లోపలికి వెళ్లి, అప్పటిదాకా నా దగ్గరే పడి ఉన్న ఆమె అర్జీని ఇంగ్లీషులోకి దించాను. నా పని అక్కడితో ఆగాలి. కానీ మనసు ఊరుకోలేదు, ఇంగ్లీషు మీద మోజు కూడా ఊరుకోనివ్వలేదు. కింద నోట్ అని పెట్టి ఒక వాక్యం రాశాను. 'దళంలో చేరబోయేవాడు తన గొర్రెల మందను వెంట తోలుకుపోతాడా అని ఈ పోలీసు రిపోర్టు బెగ్స్ ది క్వశ్చన్.' ఈ మాట ఏదో పాత ఇంగ్లీషు పేపర్లో చూశాను. ప్రశ్నను వినయంగా అడగడం అన్నమాట అనుకుని, పెద్ద ఆఫీసరుకు రాసే నోట్‌లో ఇంతకంటే మర్యాద ఏముంటుందని మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే పిలుపు వచ్చింది. ఆఫీసరు కూర్చోమనలేదు. నా కాగితం చేతిలో పట్టుకుని ఉన్నారు.

"ఈ వాక్యం నువ్వే రాశావా?"

"యెస్ సర్."

"బెగ్గింగ్ ది క్వశ్చన్ అంటే ఏమిటి?"

"వినయంగా ప్రశ్న అడగడం సర్."

ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టేశారు. తరువాత పకపకా నవ్వారు. గుమ్మం దగ్గరున్న జవాను కూడా, ఏమీ అర్థం కాకపోయినా, పళ్లు బయటపెట్టాడు. భూమి విచ్చుకుంటే అందులోకి దిగిపోదామనిపించింది నాకు.

ఉద్యోగంలోకి రాకముందు ఆయన ఏదో కాలేజీలో తర్కశాస్త్రం చెప్పారట. నవ్వు ఆపుకుని, పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టారు.

"ఇక్కడ క్వశ్చన్ అంటే అడిగే ప్రశ్న కాదు, తేలవలసిన వివాదం. ఒక వివాదంలో నువ్వు ఏది రుజువు చేయాలో దాన్నే ముందుగా ఒప్పేసుకొమ్మని ఎదుటివాణ్ని అడుక్కుంటే, అది బెగ్గింగ్ ది క్వశ్చన్. రుజువు చేసి గెలుచుకోవలసినదాన్ని ఊరికే ఇమ్మనడం. ఫలానావాడు అబద్ధాలకోరు అంటావు. ఎందుకంటే అతని మాటలన్నీ అబద్ధాలు అంటావు. అవి అబద్ధాలని ఎట్లా తెలుసంటే, చెప్పినవాడు అబద్ధాలకోరు కదా అంటావు. బయలుదేరిన చోటికే వచ్చావు. మన సంస్కృతంలో అన్యోన్యాశ్రయం అంటారు, వినలేదా?"

విన్నాను. సంస్కృతం వచ్చిన మా నాయిన నోట నూరుసార్లు విన్నాను. వినడమే తప్ప ఎన్నడూ చెవిని పెట్టలేదు.

"నువ్వు చెప్పదలచింది ఒక సందేహం పుడుతోంది అని. దానికి మామూలు మాటలు చాలు. నువ్వు రాసింది మాత్రం పెద్ద అభియోగం. పోలీసులు రుజువు చేయవలసినదాన్నే రుజువుగా చూపించారని నువ్వు అంటున్నావు. అది మిసల్లో చూపించగలవా? లేకపోతే ఆ వాక్యం కొట్టేసి తీసుకురా. సాయంత్రం దాకా టైము."

బల్ల దగ్గరికి వచ్చి కలం తీశాను. ఒక్క గీత గీస్తే పరువు కాకపోయినా ఉద్యోగం దక్కేది. ఎందుకో గీయలేకపోయాను. ఆ నవ్వు చెవుల్లో మోగుతూనే ఉంది. తప్పే రాశాను సరే, తప్పని చూసుకున్నాకే కొట్టేద్దామనుకున్నాను.

ఇక్కడ మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. మిసల్లో కొత్త కాగితం వచ్చినప్పుడల్లా పాతదాని పైన పెట్టి దారంతో కుడతారు. తెరవగానే అన్నిటికంటే తాజా కాగితం కనబడుతుంది. అందరూ పైవి రెండు చదివి సంతకం పెడతారు. అడుగున ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండదు, నాకూ అంతదాకా ఉండింది కాదు. ఆ రోజు దారం విప్పి, కాగితాలన్నీ నేల మీద తేదీల వరసన పరిచాను. అడుగుదాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మొదటిది ఊరి పోలీసు పటేలు పంపిన పట్టీ. పోలీసు పటేలంటే ఊళ్లో శాంతిభద్రతల బాధ్యత వంశపారంపర్యంగా చూసే మనిషి. ఊళ్లో కనబడని మగవాళ్ల పేర్లు రాసి పంపమంటే పంపాడు. అందులో ఉన్నది ఇంతే: 'కురుమ సాయిలు, ఊళ్లో లేడు.'

రెండోది ఠాణా నుంచి అమీను పంపిన జాబితా. ఇప్పుడు సబ్ ఇన్స్పెక్టరు అంటున్న మనిషిని అప్పుడు అమీను అనేవాళ్లం. పటేలు పట్టీలోని పేర్లే ఇందులోనూ ఉన్నాయి. కాకపోతే పైన శీర్షిక మారింది: 'దళాల్లో ఉన్నట్టు అనుమానమున్నవారు.'

మూడోది మళ్లీ పటేలుదే. జాబితా మీద అభిప్రాయం రాయమంటే రాశాడు: 'జాబితాలో ఉన్న ప్రకారం సాయిలు దళం మనిషి.'

నాలుగోది మళ్లీ అమీనుది: 'సాయిలు దళం మనిషి అని పటేలు రిపోర్టు వల్ల రూఢి అయినది.' అనుమానం ఎటుపోయిందో పోయింది.

అయిదోది అమీను చివరి రిపోర్టు, అన్నిటికంటే పైన ఉన్నది. 'పటేలు రిపోర్టే కాక జనగామ కచేరీ వారి జాబితాలో కూడా సాయిలు పేరు ఉన్నందున' దూరపు జైలుకు పంపవలసిందని.

జనగామ కచేరీ అంటే మాదే. ఆ జాబితా ఏదో గొప్ప రహస్య సమాచారం అనుకుని బీరువాలో నుంచి దాన్ని తీశాను. అది నా చేతిరాత. వేసవిలో ఠాణాల నుంచి వచ్చిన జాబితాలన్నీ కలిపి ఫెయిర్ కాపీ రాయమంటే రాసింది నేనే. గుండ్రని అక్షరాలతో, ఎర్ర సిరా గీతలతో, ముత్యాల్లా రాసి అందరికీ చూపించుకున్నాను కూడా. అమీను పంపిన పేరును నేను అందంగా రాసి పంపిస్తే, అమీను దాన్ని నాకే సాక్ష్యంగా తిప్పి పంపాడు.

నా జాబితాను కూడా ఆ కాగితాల పక్కన పెట్టాను. ఇన్ని కాగితాలు, ఇన్ని సంతకాలు, ఇన్ని ముద్రలు. వీటన్నిటి కింద ఉన్నది ఒక్కటే ముక్క, ఊళ్లో లేడు. నేను తెలియక రాసిన మాట అక్షరాలా నిజమైంది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నా జాబితాను మళ్లీ బీరువాలో పెట్టేసి మిగిలినవే చూపిద్దామా అని కూడా ఒక్క నిమిషం అనిపించింది. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం కంటే ఎక్కువే అనిపించింది.

సాయంత్రం అన్నీ పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లాను. ఏ కాగితం దేన్ని చూపిస్తోందో వేలు పెట్టి చూపించాను. ఆయన ముందుకు వంగి చూశారు.

"ఈ జాబితా అక్షరాలు ఎవరివి?"

"నావే సర్."

ఆయన నవ్వలేదు. "మంచిది. దాచకుండా తెచ్చావు" అన్నారు.

దాంతో ధైర్యం వచ్చి, "అయితే సాయిలు నిర్దోషి అని తేలినట్టే కదా సర్" అన్నాను.

"లేదు. మళ్లీ తొందరపడుతున్నావు. అతను దళంలో లేడని ఇది చెప్పడం లేదు. ఉన్నాడని ఇంతవరకు ఎవరూ ఏమీ చెప్పలేదని మాత్రమే చెబుతోంది. తన కాళ్ల మీద నిలబడే మాట ఒక్కటైనా వాళ్ల దగ్గర ఉందేమో అడుగుదాం. రేపు ఇద్దరినీ పిలిపించు."

శుక్రవారం మధ్యాహ్నానికి ఇద్దరూ వచ్చారు. పటేలు చెప్పులు గుమ్మం బయట విడిచి గోడ వారగా నిలుచున్నాడు. అమీను టోపీ చంకన పెట్టుకుని నిటారుగా నిలుచున్నాడు. ఆఫీసరు అడగడం, నేను తెలుగులో చెప్పడం. మల్లవ్వ కిటికీ అవతల అరుగు మీదే ఉంది. వినబడుతోందని నాకు తెలుసు, అందుకే గొంతు తగ్గించలేదు.

"సాయిలు దళంల ఉన్నడని నీకెట్ల తెలిసింది?" అని పటేలును అడిగాను.

"జాబితల పేరున్నది గదయ్యా. సర్కారు కాగితం మీద ఉన్నదాన్ని నేను కాదంటనా?"

"నువ్వు సూసినవా? సూసినోళ్లెవరన్న చెప్పిన్రా?"

"నేనేడ సూస్తనయ్యా. ఎవ్వరు చెప్పలే."

ఆఫీసరు అమీను వైపు తిరిగారు. మీ దగ్గర ఉన్న ఆధారం ఏమిటని అడిగారు.

"పటేల్ రిపోర్ట్ ఉన్నది సాబ్. ఊరి సంగతి పటేలు కంటె ఎక్కువ ఎవరికెరుక? గా రిపోర్ట్ మీదనే మేం పక్కా జేసినం."

పటేలు ఉలిక్కిపడి గోడను వదిలి ముందుకు వచ్చాడు. "గదేంది అమీన్ సాబ్! నీ జాబిత జూసే గద నేను రాసిన!"

"నీ రిపోర్ట్ జూసే గద నేను పక్కా జేసిన!"

"నన్ను ఇరికిస్తవేంది!"

"ఇరికించేది నువ్వా, నేనా?"

నేను ఇంగ్లీషులో చెప్పబోతే ఆఫీసరు చెయ్యి ఎత్తి ఆపారు. "దీనికి తర్జుమా అక్కర్లేదు" అన్నారు.

గొడవ చల్లబడ్డాక పటేలును ఇంకొక్కటి అడగమన్నారు. మొట్టమొదటి పట్టీలో 'ఊళ్లో లేడు' అని రాసినప్పుడు సాయిలు ఎటు పోయిందీ తెలుసా అని.

"ఎరుకేనయ్యా. గొర్లు తోలుకొని పోయిండు. ఊరందరికి ఎరుకే."

"మరి గది ఎందుకు రాయలే?"

పటేలు నావంక అమాయకంగా చూశాడు. "కాగితంల గా ఖానా లేదు గదయ్యా. పేరు, కులం, ఊళ్లె ఉన్నడా లేడా, గంతే అడిగిన్రు."

ఖానా అంటే నిలువు గడి, ఇప్పుడు కాలమ్ అంటున్నది. కిటికీ అవతల మల్లవ్వ పెద్దగా నిట్టూర్చడం వినబడింది. నాకు పటేలు మీద కోపం రావలసింది, రాలేదు. అడిగినదానికే జవాబు రాసే మనుషుల్లో నేనూ ఒకణ్ని.

అమీను దగ్గర ఇంకేమైనా ఉందా అని ఆఫీసరు రెండుసార్లు అడిగారు. లేదన్నాడు. అక్కడికక్కడే విడుదల ఆర్డరు చెప్పి నా చేత రాయించారు. శనివారం లారీ జాబితాలో సాయిలు పేరు మీద ఎర్ర గీత గీసింది నేనే. అంత తృప్తిగా గీత గీసిన గుర్తు నాకు మళ్లీ లేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. వదిలేసేవాళ్ల దగ్గర ముచ్చిలికా ఒకటి తీసుకునే పద్ధతి ఉండేది, అంటే హామీపత్రం. అచ్చు వేసిన ఫారం. సాయిలు పేరు నింపుతుంటే రెండో షరతు మీద కలం ఆగింది: 'అనుమతి లేకుండా ఊరు విడిచి పోరాదు.' వేలిముద్ర వేసిన మనిషి వచ్చే ఎండాకాలం ఏం చేస్తాడు? గొర్రెలు చస్తుంటే చూస్తూ కూర్చోడు. పోతాడు. పటేలు మళ్లీ 'ఊళ్లో లేడు' అని రాస్తాడు. ఈసారి షరతు తప్పిన నేరం కూడా తోడవుతుంది.

ఫారం పట్టుకుని పరుగున ఆఫీసరు గదిలోకి పోయాను. ఈసారి ఇంగ్లీషు మెరుగులేమీ పెట్టలేదు. ఈ మనిషిని ఊళ్లో ఉండమంటే మళ్లీ మొదటికే వస్తుంది సర్ అన్నాను, అంతే. ఆయన షరతు కొట్టేసి, పక్కన తన చేత్తోనే రాశారు: 'ప్రతి ఏడూ మందతో భూపాలపల్లి అడవుల వైపు పోయి రావడానికి అనుమతి ఉన్నది.' సంతకం పెట్టి, "ఇప్పుడు నీకు బెగ్గింగ్ ది క్వశ్చన్ అన్న మాటకు అర్థం తెలిసింది" అన్నారు.

సాయంకాలం సాయిలు క్యాంపు గేటు దాటి వచ్చాడు. సన్నటి మనిషి, గడ్డం పెరిగి ఉంది. భార్యను చూసి అన్న మొదటి మాట, "గొర్లు ఎట్లున్నయే?"

"గొర్లు మంచిగనే ఉన్నయి. నా సంగతి అడుగవేం?" అని మల్లవ్వ కసిరి, కసురుతూనే ఏడ్చింది. సద్ది మూట విప్పి అతని చేతిలో పెట్టింది. నా వైపు తిరిగి దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాను. ఆ జాబితా రాసింది నేనేనని ఆమెకు చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. అది ఇప్పటికీ గుచ్చుతుంది. అయినా ఆ రాత్రి, చాలా రోజుల తరువాత, తలగడ మీద తల పెట్టగానే నిద్ర పట్టింది.

ఆ తరువాత ముప్పై ఏళ్లు కచేరీల్లో పనిచేశాను. బెగ్గింగ్ ది క్వశ్చన్ అన్న మాటను 'ఒక ప్రశ్న తలెత్తుతోంది' అనే అర్థంలో పెద్ద పెద్ద వాళ్లు రాయడం ఇప్పటికీ పేపర్లలో చూస్తుంటాను. నవ్వను, నాకు ఆ హక్కు లేదు. నాకా మాట నేర్పింది ఇంగ్లీషు కాదు. కాగితం చేతికి రాగానే అది దేని మీద ఆనుకుందో చూడటం, ఆ కింది కాగితం మళ్లీ దీని మీదే ఆనుకుందేమో చూడటం. ఆ గొలుసులో నా చేతిరాత ఉందేమో అన్నిటికంటే ముందు చూడటం.

మరుసటి ఏడు వేసవి రాకముందే పటేళ్లకు పంపే పట్టీ నమూనా రాసే పని నాకే పడింది. స్కేలు పెట్టి పేరుకు ఒక ఖానా, కులానికి ఒకటి, ఊళ్లో ఉన్నదీ లేనిదీ రాయడానికి ఒకటి గీశాను. ఎవరినీ అడగకుండా పక్కన ఇంకొకటి గీసి, పైన 'ఎటు పోయినట్టు' అని రాశాను. నెల తిరిగేసరికి బచ్చన్నపేట వైపు నుంచి నింపిన పట్టీ వచ్చింది. కురుమ సాయిలు, ఊళ్లో లేడు. ఆ పక్క ఖానాలో పటేలు వంకర అక్షరాలతో రాసి ఉంది: 'గొర్ల వెంట.'